చిన్న ఊళ్లో ఆటల వ్యాపారం: అదే పిల్లాడు మళ్లీ రావాలి

దసరా సెలవులకి హైదరాబాదో విజయవాడో వెళ్లి, పిల్లల్ని మాల్‌లో ఆటల జోన్‌కి తీసుకెళ్లి, గంటకి వందలకి వందలు కట్టి వచ్చిన తండ్రికి తిరుగు ప్రయాణంలో ఒక ఆలోచన వస్తుంది. మన ఊళ్లో ఇలాంటిది ఒక్కటీ లేదు కదా, మనమే పెడితే? ఆలోచన మంచిదే. మన మండల కేంద్రాల్లో, చిన్న మున్సిపాలిటీల్లో ఇంటిల్లిపాదీ కలిసి సాయంత్రం రెండు గంటలు గడపడానికి గుడి, సినిమా హాలు, పానీపూరీ బండి తప్ప చోటు లేదు. ఆ సినిమా హాళ్లు కూడా ఎన్నో ఊళ్లలో ఫంక్షన్ హాళ్లయిపోయాయి. పార్కు ఉన్నచోట జారుడుబండ రేకు ఊడిపోయి ఉంటుంది.

అయితే మాల్‌లో చూసినదాన్ని చూసినట్టే ఊళ్లో దించిన వాళ్లు చాలామంది ఏడాది తిరక్కుండానే షట్టర్ దించేశారు. మొదటి నెల ఊరంతా వచ్చింది. ఫొటోలు దిగారు, స్టేటస్‌లు పెట్టారు. మూడో నెలకి ఆదివారం కూడా కుర్చీలు ఖాళీ. దీనికి కారణం జనం దగ్గర డబ్బు లేకపోవడం కాదు. నగరంలో మాల్‌కి రోజూ కొత్త ముఖాలు వస్తాయి, ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ రాకపోయినా దానికి నష్టం లేదు. మన ఊళ్లో వచ్చేది ఆ కొన్ని వందల ఇళ్ల పిల్లలే. వాళ్లు ఒకసారి వచ్చి ఆగిపోతే వ్యాపారం కూడా ఆగిపోయినట్టే. ఈ వ్యాసంలో చెప్పే లెక్కలు, జాగ్రత్తలు అన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. వచ్చిన పిల్లాడు మళ్లీ రావాలి. వాణ్ని తీసుకొచ్చిన అమ్మమ్మకి మళ్లీ రావాలనిపించాలి.

మొదట పిల్లల్ని లెక్కపెట్టండి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్లలోపు పిల్లలు దాదాపు 11 శాతం. ఆ తర్వాత ఇళ్లలో పిల్లలు తగ్గారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక్కరో ఇద్దరో పిల్లలున్న ఇంట్లో వాళ్ల మీద పెట్టే ఖర్చు పెరిగింది, అది మీకు కలిసొస్తుంది. పిల్లల సంఖ్య మాత్రం ఏటా తగ్గుతోంది, దీన్ని మరిచిపోవద్దు. కాబట్టి ఊరి జనాభా చూసి మురిసిపోకుండా, ఊళ్లో ఉన్న బడులన్నీ తిరిగి నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా ఎంతమంది ఉన్నారో అడిగి రాసుకోండి. చుట్టుపక్కల పల్లెల నుంచి స్కూలు బస్సుల్లో వచ్చి పోయే పిల్లల్ని వేరే కాలమ్‌లో రాయండి. వాళ్లు సాయంత్రం నాలుగున్నరకి బస్సెక్కి వెళ్లిపోతారు, మామూలు రోజుల్లో మీ దగ్గరికి రారు. ముప్పై వేల జనాభా ఉన్న ఊళ్లో ఈ లెక్క మూడు వేల దగ్గర తేలిందనుకుందాం.

ఇక ఖర్చు. మెయిన్ రోడ్డుకి కాస్త లోపల వెయ్యి, పన్నెండు వందల చదరపు అడుగుల రేకుల షెడ్డు అద్దె 15,000. ఇద్దరు పనివాళ్లకి తలా 12,000 చొప్పున 24,000. కరెంటు 5,000. బ్యాంకులో ఐదు లక్షలు 11 శాతం వడ్డీకి ఐదేళ్లకి తీసుకుంటే నెల కిస్తీ సుమారు 10,900. రిపేర్లు, ఫినాయిలు, సబ్బులు కలిపి 3,000. మొత్తం 58,000 దగ్గర. ఇవి నేను వేసిన ఉజ్జాయింపు అంకెలు, మీ ఊరి ధరలు వేసి తిరగరాసుకోండి. టికెట్ 60 రూపాయలనుకుంటే ఖర్చుకే నెలకి దాదాపు 970 టికెట్లు తెగాలి. మీ కష్టానికి నెలకి 20,000 కావాలంటే 1,300. ఎనిమిది శని, ఆదివారాల్లో రోజుకి 60 మంది వస్తే 480. మిగిలిన 820 టికెట్లు 22 మామూలు రోజుల్లో రావాలి, అంటే రోజుకి 37 మంది. ట్యూషన్‌కి పోవాల్సిన మంగళవారం సాయంత్రం 37 మంది పిల్లలు! ఇంకో వైపు నుంచి చూడండి. మూడు వేల మందిలో సగం మంది ఎప్పటికీ రారు. మిగిలిన పదిహేను వందల మంది దాదాపు ప్రతి నెలా రావాలి. ఈ లెక్క వేయకుండా అడ్వాన్స్ కట్టేసిన వాళ్లు ఎంతోమంది, వాళ్లందరి కోసం చెబుతున్నాను.

అందుకే నా సలహా: మొదటే షెడ్డు తీసుకోవద్దు, ఉద్యోగం మానొద్దు. కదిలే సామానుతో మొదలుపెట్టండి. గాలి నింపి నిలబెట్టే జంపింగ్ బెలూన్ ఒకటి, చిన్న ట్రాంపోలిన్ ఒకటి, పాప్‌కార్న్ మిషన్ ఒకటి. ఇవన్నీ ఒక ట్రాలీ ఆటోలో పడతాయి. శని, ఆదివారాల్లో పుట్టినరోజులకి, బారసాలలకి, ఓణీల ఫంక్షన్లకి, రిసెప్షన్లకి అద్దెకివ్వండి. నవంబరు 14న బాలల దినోత్సవానికి, వార్షికోత్సవానికి బడులకి ఇవ్వండి. వినాయక చవితికి పందిరి పక్కన, క్రిస్మస్‌కి చర్చి ఆవరణలో అడిగి పెట్టుకోండి. షెడ్డుకి కట్టాల్సిన అద్దె మిగులుతుంది. అంతకంటే ముఖ్యం, ఏ వీధి వాళ్లు పిలుస్తున్నారు, ఎంత ఇస్తున్నారు, పిల్లలు ఏ ఆట దగ్గర ఎక్కువసేపు ఉంటున్నారు అనేది ఆరు నెలల్లో మీకే తెలిసిపోతుంది. ప్రభుత్వ ఉద్యోగులైతే ఇంకో మాట. సర్వీసు ప్రవర్తనా నియమాల ప్రకారం అనుమతి లేకుండా సొంత వ్యాపారం చేయకూడదు. భార్య పేరున పెట్టినా శాఖకి తెలియజేయాల్సిన విషయాలుంటాయి. ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి.

జంపింగ్ బెలూన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, నడపడం మాత్రం మిషన్ నడిపినట్టే. అది నిలబడేది బ్లోయర్ గాలి మీద. బ్లోయర్ ఆగితే కూలుతుంది. ఒకసారి తిరనాళ్లలో చూశాను. రాత్రి ఎనిమిది గంటలప్పుడు కరెంటు పోయింది. లోపల పిల్లలు గెంతుతూనే ఉన్నారు, పైభాగం మెల్లగా వాలడం మొదలైంది. నడిపే కుర్రాడు జనరేటర్ వైపు పరుగెత్తలేదు. ముందు దారి దగ్గరికి వచ్చి, వాలుతున్న గుడ్డని రెండు చేతులతో భుజం మీదికి ఎత్తి పట్టుకుని, "చిన్నోళ్లు ముందు, కూర్చుని జారండి" అని గట్టిగా చెప్పాడు. అతని భార్య ఒక్కొక్కరి చెయ్యి పట్టి దించుతూ పైకి లెక్కపెట్టింది. ఎక్కించేటప్పుడే లెక్కపెట్టి ఉంచుకుంది కాబట్టి పది అనగానే లోపల ఎవరూ లేరని ఆమెకి తెలుసు. ఆ తర్వాతే అతను జనరేటర్ తాడు లాగాడు. ఒక్కరు కూడా డబ్బులు వెనక్కి అడగలేదు. లైట్లు వెలిగాక అదే పిల్లలు అదే వరసలో మళ్లీ నిలబడ్డారు. వ్యాపారం అంటే నాకు అర్థమైంది ఆ రోజే.

గాలి విషయంలో పంతానికి పోవద్దు. యూరప్‌లో పాటించే ప్రమాణం ప్రకారం గాలి వేగం గంటకి 38 కిలోమీటర్లు దాటితే బయట పెట్టిన జంపింగ్‌ని దించేయాలి. మన దగ్గర వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలి ఎటు నుంచి వస్తుందో తెలియకుండానే వస్తుంది. చెట్ల కొమ్మలు ఊగడం మొదలైతే పిల్లల్ని దించేయండి, టికెట్ డబ్బు తిరిగిచ్చేయండి. నాలుగు మూలలా కాదు, ఉన్న కొక్కేలన్నిటికీ మేకులు దిగ్గొట్టాలి. సిమెంటు నేల మీదైతే ఇసుక బస్తాలు కట్టాలి. రెండేళ్ల పాపనీ పదేళ్ల పిల్లాణ్నీ ఒకేసారి ఎక్కించొద్దు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ల మీద పడితే చేతులు విరుగుతాయి. రాత్రి మడిచేముందు పూర్తిగా ఆరబెట్టండి. తడిగా మడిస్తే బూజు పట్టి వాసనేస్తుంది. మూల పడేస్తే ఎలుకలు కొరికేస్తాయి, నేల మీద కాకుండా అటక మీద పెట్టండి.

సొమ్ము ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలంటే గోడ మీది క్యాలెండర్ తీసి రెండు రంగుల పెన్నులతో గుర్తులు పెట్టుకోండి. సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి పిల్లలు అమ్మమ్మగారి ఊరికి వస్తారు. గోదావరి జిల్లాల్లోనైతే ఆ వారం రోజులు కొన్ని నెలల ఆదాయంతో సమానం. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం ఎండలో ఎవరూ రారు, కానీ ఆరు తర్వాత వస్తారు. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు, అదే మీ కోతల కాలం. బడులు తెరిచిన నెలలో ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలతో ఇళ్లలో చేతులు ఖాళీ. ఆ వెంటనే నాట్లు, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. జూన్, జూలైలకి సరిపడా అద్దె, జీతాలు మేలోనే పక్కన పెట్టని వాళ్లు ఆగస్టులో అప్పు చేస్తారు. దసరాకి మళ్లీ ఊపు వస్తుంది, తెలంగాణలో బతుకమ్మతో కలిసి. కార్తీకంలో వనభోజనాలకి తోటల్లోకి సామాను అద్దెకి పోతుంది. వరి, పత్తి డబ్బులు చేతికొచ్చే వారాలు ప్రతి ప్రాంతానికీ వేరు, అవి మీ ఊరి రైతులే చెప్పాలి.

జాతరల్లో పెట్టాలనుకుంటే చాలాచోట్ల స్థలం వేలం పాటలో పాడుకోవాలి. గుడి స్థలమైతే దేవాదాయ శాఖ, లేకపోతే పంచాయతీ. పాటలో పక్కవాడి మీద పట్టుదలతో పాడి, మూడు రోజుల జాతరలో ఆ డబ్బు రాబట్టడానికి టికెట్ రెట్టింపు చేసిన వాళ్లని ఆ ఊరి జనం మరుసటి ఏడాది గుర్తుపెట్టుకుంటారు. మీ గరిష్ఠ మొత్తం ఇంట్లోనే రాసుకుని వెళ్లండి, అది దాటితే లేచి వచ్చేయండి.

ఏడాది ఇలా తిరిగాక, లెక్క కుదిరితే అప్పుడు స్థిరమైన చోటు చూడండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు డబ్బంతా ఆటల మీద పెట్టి కూర్చునే చోటుని వదిలేయడం. ఎంతసేపు ఉండాలో పిల్లాడి చేతిలో లేదు, వాణ్ని తెచ్చిన మనిషి చేతిలో ఉంది. మన ఊళ్లలో సాయంత్రం పిల్లల్ని తెచ్చేది ఎక్కువగా అమ్మ, నానమ్మ, అమ్మమ్మ. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ ప్లాస్టిక్ స్టూలు మీద ఎంతసేపు కూర్చుంటుంది? వీపు ఆనించుకునే బెంచి, నెత్తి మీద ఫ్యాన్, తాగడానికి చల్లటి నీళ్లు, ఆడవాళ్లకి తలుపు గడియ పడే శుభ్రమైన బాత్రూమ్. ఇవి లేకపోతే ఇరవై నిమిషాలకి "ఇక పదరా" అంటారు. ఉంటే గంట కూర్చుంటారు, టీ తాగుతారు, పక్కావిడతో మాటలు కలుపుతారు, వచ్చే శుక్రవారం కలుద్దామనుకుంటారు. బాత్రూమ్‌కి పెట్టిన ఖర్చు కంటే తొందరగా తిరిగొచ్చే పెట్టుబడి ఈ వ్యాపారంలో నేను చూడలేదు.

మళ్లీ మళ్లీ రావాలంటే ఆట మారుతూ ఉండాలి. దానికి కొత్త మిషన్లు కొననక్కర్లేదు. అడ్డంగా ఉన్న వలని నిలువుగా కట్టండి, బాల్ పూల్‌ని ఈ మూల నుంచి ఆ మూలకి మార్చండి, ఒక శనివారం బొమ్మలకి రంగులు వేయించండి, ఒక ఆదివారం అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడే పెద్దమ్మలని పిలిచి పిల్లలకి నేర్పించండి. నెల పాస్ పెట్టండి. పది ఆటల కార్డు అమ్మండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఒక నోట్‌బుక్. వచ్చిన ప్రతి పిల్లాడి పేరు, పుట్టిన తేదీ, తల్లి ఫోన్ నంబరు, ఆమె ఇష్టపడి ఇస్తేనే, రాసుకోండి. పుట్టినరోజుకి మూడు వారాల ముందు ఒక్క ఫోన్ చేయండి. పైన లెక్కలో మీ కష్టానికి అనుకున్న ఆ 20,000 రూపాయలు టికెట్ల మీద రావడం కష్టం, పుట్టినరోజుల మీద తేలిక. కేకు, తిండి ఖర్చులు పోను ఒక్కో వేడుకకి నాలుగు వేలు మిగిలితే, నెలకి నాలుగు వేడుకలకి 16,000, అంటే అందులో చాలా భాగం వచ్చేసినట్టే. భోజనం మీరు వండొద్దు. ఊళ్లో మంచి పేరున్న వంటమనిషితో మాట్లాడుకోండి. ఆమెకి పని, మీకు తలనొప్పి తప్పుతుంది.

విదేశీ వీడియో గేమ్ మిషన్లు, వీఆర్ సెట్లు మొదటి రెండేళ్లు ముట్టుకోవద్దు. అవి పాడైతే బాగుచేసే మనిషి నగరం నుంచి రావాలి, ఛార్జీలు మనమే పెట్టుకోవాలి, ఆయన వచ్చేదాకా మిషన్ మీద "పని చేయదు" అన్న అట్ట వేలాడుతుంది. మీ ఊరి ఎలక్ట్రీషియన్, మీ ఊరి టైలర్, మీ ఊరి వెల్డర్ బాగుచేయగలిగిన సామానే కొనండి. స్విమ్మింగ్ పూల్ ఆలోచన కూడా పక్కన పెట్టండి. శిక్షణ పొందిన లైఫ్‌గార్డ్ దొరకని ఊళ్లో పూల్ తెరవడం ప్రాణాలతో ఆట. డబ్బు పందెం వాసన ఉన్న ఏ ఆటా వద్దు. రెండు రాష్ట్రాల్లోనూ గేమింగ్ చట్టాలు కఠినంగా ఉన్నాయి, పైగా కుటుంబాలు వచ్చే చోటికి అది మచ్చ.

భద్రత గురించి రాస్తున్నప్పుడు నాకు 2024 మే 25 గుర్తొస్తుంది. ఆ రోజు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి 27 మంది చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. వేసవి సెలవులు, వారాంతం, తక్కువ ధర టికెట్, లోపల నిండా జనం. అదే సమయంలో లోపల వెల్డింగ్ పని జరుగుతోంది. ఫైర్ శాఖ అనుమతి లేదు. రేకుల షెడ్డు, ఫోము, ప్లాస్టిక్ అన్నవి మన ఊళ్లో పెట్టే ఆటల చోటులో కూడా ఉండేవే. కాబట్టి ఎదురెదురుగా రెండు దారులు ఉండాలి, రెండోదానికి తాళం వేయకూడదు, దాని ముందు కూల్‌డ్రింక్ కేసులు పేర్చకూడదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. వెల్డింగ్ ఏదైనా మూసిన రోజునే, ఫోము బయట పెట్టాకే. జనరేటర్ డీజిల్ లోపల నిల్వ పెట్టొద్దు. మెయిన్ బోర్డుకి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. తడి కాళ్లతో తిరిగే పిల్లలున్న చోట అది ప్రాణాలు కాపాడుతుంది. ఫైర్ సిలిండర్ గోడకి తగిలించడం ఒక్కటే కాదు, పనివాళ్ల చేత నెలకోసారి పిన్ను ఎలా తీయాలో చేయించి చూడండి.

మనుషుల విషయంలో కూడా అంతే పట్టింపు కావాలి. పనికి పెట్టుకునే వాళ్ల ఆధార్, చిరునామా, ఇంతకుముందు ఎక్కడ చేశారు అన్నది కనుక్కోండి. పిల్లలని చూసుకునే పనికి వీలైనంతవరకు ఆడవాళ్లని పెట్టుకోండి. పిల్లాణ్ని ఎవరు తెచ్చారో వాళ్లకే అప్పగించండి, "మేం బాబాయిలం" అని వచ్చినా తల్లికి ఫోన్ చేశాకే. "మీ సొంత పూచీ మీదే ఆడుకోండి" అన్న బోర్డు పెడితే బాధ్యత తప్పుతుందని అనుకోవద్దు, నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలితే ఆ బోర్డు మిమ్మల్ని కాపాడదు. సాధారణ బీమా కంపెనీల దగ్గర పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉంటుంది. అది తీసుకున్నాకే తలుపులు తెరవండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. పంచాయతీ లేదా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, ఫైర్ శాఖ అనుమతి, కరెంటు వాణిజ్య కేటగిరీ కనెక్షన్, తినుబండారాలు అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యం రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం, దానికి వేలు అడిగే ఏజెంట్ల దగ్గరికి పోవద్దు. రాత్రి పది దాటాక మైకు పెట్టకూడదన్నది దేశమంతటా ఉన్న నియమం.

అప్పు విషయం. కదిలే సామానుకి ముద్ర రుణం సరిపోతుంది. శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. పెద్ద యూనిట్ అయితే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ రుణ పథకం పీఎంఈజీపీ ఉంది. సేవారంగంలో 20 లక్షల దాకా ప్రాజెక్టుకి, పల్లెలో పెడితే సాధారణ వర్గాలకి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు తదితరులకి 35 శాతం సబ్సిడీ. పట్టణంలో అయితే 15, 25 శాతం. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి ఆ తర్వాత అప్పులో జమవుతుంది. ఇంకో మెలిక, ఇది కొత్త యూనిట్లకే. ముందు మొదలుపెట్టేసి తర్వాత అడిగితే రాదు. కాబట్టి సామాను అద్దె పని మొదలుపెట్టే ముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, రేపు పెట్టబోయే యూనిట్‌కి ఇది అడ్డం వస్తుందా, పథకం ఇప్పుడు ఏ నిబంధనలతో నడుస్తోంది అని అడిగి రండి. సబ్సిడీ వస్తుంది కదా అని అవసరానికి మించి ప్రాజెక్టు పెంచొద్దు. సబ్సిడీ పోను మిగిలిన అప్పు వడ్డీతో సహా మీరే తీర్చాలి.

ఈ వ్యాపారం లక్షాధికారుల్ని చేయదు. సరిగ్గా నడిపితే ఒక కుటుంబం సొంత ఊళ్లోనే ఉండి బతకగలదు, ఊళ్లో పిల్లలకి సాయంత్రం పరుగెత్తుకొచ్చే చోటు దొరుకుతుంది. నాకు ఆ రెండోది కూడా తక్కువ విషయం కాదు. మీకు నిజంగా మనసుంటే, వచ్చే నాలుగు ఆదివారాలు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మీ ఊరి సెంటర్‌లో ఒక నోట్‌బుక్‌తో కూర్చోండి. పిల్లలతో వచ్చిన కుటుంబాలు ఎన్నో, ఎక్కడికెళ్తున్నాయో, ఎంతసేపటికి తిరిగొస్తున్నాయో రాయండి. అడ్వాన్స్ గురించి ఇంటి ఓనరుతో మాట్లాడేది ఆ నాలుగు పేజీలు నిండాకే.